'రన్' అంటే పరుగు మాత్రమేనా? నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను

చిగురుటాకు

అందరికీ నమస్కారం. ఇళ్లలో నీటి ఒత్తిడి పెంచడానికి వాడే చిన్న మోటారు పంపు ఉంటుంది కదా, దానితో పాటు ఇచ్చే పుస్తకాన్ని తెలుగులోకి మార్చే పని ఒప్పుకున్నాను. మొత్తం పన్నెండు పేజీలు. సాంకేతిక పదాలతో ఇబ్బంది పడతానేమో అనుకున్నాను, కానీ అవి బాగానే నడిచిపోయాయి. నన్ను ఆపేసింది 'రన్' అనే చిన్న మాట.

ఒక్క నాలుగో పేజీలోనే ఎనిమిది సార్లు ఉంది. పంపు బిగించే ముందు ట్యాప్‌ని రన్ చెయ్యాలట. పైపుని గోడ వెంబడి రన్ చెయ్యాలట. వైరుని తడి ఉన్న చోట రన్ చెయ్యకూడదట. పంపుని ముప్పై సెకన్లు రన్ చేసి చూడాలి, అది చప్పుడు లేకుండా రన్ కావాలి. ట్యాంకు 'రన్ డ్రై' అయితే పంపు 'రన్ డ్రై' అవుతుంది, జాగ్రత్త అని ఇంకో వాక్యం. చివర్లో ఏదైనా ఇబ్బందిలోకి 'రన్' అయితే మాకు చెప్పండి అని ఉంది.

నేను అన్ని చోట్లా 'నడపండి' అని రాసుకుంటూ పోయాను. తర్వాత చదువుకుంటే 'కుళాయిని రెండు నిమిషాలు నడపండి' అని కనిపించింది. ఇది తెలుగేనా అనిపించింది. ఎల్లుండికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఈ మాటకు ఉన్న అర్థాలన్నీ ఒకచోట జాబితాగా దొరుకుతాయా?

పదాలవేట

జాబితా ఉంది చిగురుటాకు గారూ, కానీ అది మీకు పనికొచ్చేంత చిన్నది కాదు.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే పొడవైన వివరణ 'సెట్' అనే క్రియది. దాదాపు 60,000 పదాల వివరణ, నుడికారాలతో కలిపి 580 వరకు అర్థాలు. మూడో కూర్పు కోసం ఎమ్ అక్షరం నుంచి సవరించుకుంటూ వచ్చారు. దాంతో 2000లో 'మేక్' ముందుకొచ్చింది, 2007లో 'పుట్' దాన్ని దాటింది, 2011లో 'రన్' అన్నిటినీ దాటేసింది. ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు. ఆ ఒక్క మాట మీద పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు పనిచేశారు.

ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలకు అర్థాలు తక్కువే. 'ఫొటోసింథసిస్' అంటే ఒక్కటే. రోజూ నోట్లో నలిగే చిన్న మాటలే ఇలా ఊడలు దిగుతాయి.

పాతపలక

చిగురుటాకు గారూ, నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు నేను చెప్పే పద్ధతి చెబుతాను. 'రన్ అంటే ఏమిటి' అని అడక్కండి. 'ఇక్కడ రన్ అయ్యేది ఏమిటి' అని అడగండి. ఆ వస్తువుకు తెలుగులో ఏ క్రియ వాడతామో మీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

నీళ్లు అయితే పారతాయి. ముక్కు అయితే కారుతుంది. రంగు అయితే దిగుతుంది. బస్సు నడుస్తుంది. సినిమా ఆడుతుంది. మోటారు తిరుగుతుంది. దారి పోతుంది, 'ఏటి పక్కనే దారి పోతుంది' అంటాం కదా. ఒప్పందం అమల్లో ఉంటుంది. పత్రికలో వార్త పడుతుంది. కొన్ని జబ్బులు వంశంలో వస్తాయి. వీటన్నిటికీ ఇంగ్లీషువాళ్లు ఒకటే మాట వాడారు, మనం పదింటికి పది మాటలు పెట్టుకున్నాం.

ఇంకొకటి గమనించండి. ఇంగ్లీషులో పరుగెత్తేవి చాలావరకు తెలుగులో నడుస్తాయి. వాళ్లు కంపెనీని పరుగెత్తిస్తారు, మనం నడుపుతాం. వాళ్ల గడియారం పరుగెత్తుతుంది, మనది నడుస్తుంది. ఎన్నికల్లో అయితే అమెరికాలో అభ్యర్థి పరుగెత్తుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మనమూ నిలబడతాడనే అంటాం. ఒకే పనికి ఒకరు పరుగు చూశారు, ఒకరు నిలబడటం చూశారు. నాకు ఈ ఉదాహరణ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

చిగురుటాకు

పంతులుగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. 'రన్ అయ్యేది ఏమిటి' అన్న ప్రశ్న కాగితం మీద రాసి ముందు పెట్టుకున్నాను. కుళాయి వాక్యం వెంటనే తేలిపోయింది. 'కుళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్లు వదలండి.' అసలు ఇందులో రన్‌కి సమానమైన మాటే అక్కర్లేకపోయింది.

ఇంటర్‌బెంచీ

సార్, నాకో డౌట్. పరీక్షలో ఫ్రేజల్ వెర్బ్స్ వస్తాయి. రన్ అవుట్, రన్ ఇంటు, రన్ ఓవర్, రన్ డౌన్... ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా? ఒక్కోదానికి మళ్లీ రెండు మూడు అర్థాలు ఉంటున్నాయి. నిన్న రాసినవి ఇవాళ గుర్తుండటం లేదు.

నీలిసిరా

బట్టీ వద్దు తమ్ముడూ. 'రన్ ఇంటు' తీసుకో. స్నేహితుడిలోకి 'రన్' అయితే అనుకోకుండా తారసపడటం. గోడలోకి అయితే గుద్దుకోవడం. ఖర్చు వేలల్లోకి అయితే అంత మొత్తానికి చేరడం. ఇబ్బందిలోకి అయితే చిక్కులో పడటం. నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే, కదులుతూ పోతున్నది దేనికో ఎదురుపడింది. ఆ బొమ్మ మనసులో గీసుకో, నాలుగూ గుర్తుంటాయి. 'రన్ అవుట్' కూడా అంతే. ఉన్నది కారిపోయి కారిపోయి అడుగంటింది. టైమ్ అయినా, ఓపిక అయినా.

పదాలవేట

నీలిసిరా గారు 'కారిపోయి' అనడం బాగుంది, ఎందుకంటే ఈ మాట చరిత్రలోనే అది ఉంది. మనం సాధారణంగా ఏమనుకుంటాం? అసలు అర్థం కాళ్లతో పరుగెత్తడం, నీళ్లకు దాన్ని అలంకారంగా వాడారు అని. అలా కాదు. పాత ఇంగ్లీషులో 'రిన్నన్' అనే క్రియ ఉండేది, అది నీళ్లు పారడానికీ మనిషి పరుగెత్తడానికీ రెండింటికీ వాడేవారు. దాని చుట్టం జర్మన్‌లో ఇప్పటికీ ఉంది. 'రినెన్' అంటే ధారగా కారడం, 'రెనెన్' అంటే పరుగెత్తడం. కాబట్టి ముక్కు 'రన్' కావడం వింత ప్రయోగం ఏమీ కాదు, పాత ఇంటి పెద్దకొడుకు లాంటి అర్థం.

ఇంకా ఆసక్తికరమైనది ఇది. పాత ఇంగ్లీషులో దీనికి జోడీగా 'ఆర్నన్' అని ఇంకో క్రియ ఉండేది. అది పరుగెత్తించడం, గుర్రాన్ని స్వారీ చేయించడం లాంటి వాటికి. అంటే మనకు నడుచు-నడుపు, ఆడు-ఆడించు, పారు-పారించు ఉన్నట్టే వాళ్లకూ ఒక జంట ఉండేది. కాలం గడిచేకొద్దీ రెండూ కలిసిపోయి ఒకే 'రన్' మిగిలింది. అందుకే ఇవాళ గుర్రమూ రన్ అవుతుంది, మనిషి గుర్రాన్నీ రన్ చేస్తాడు, రూపంలో తేడా లేదు. 'హీ రన్స్ ద కంపెనీ' అన్నప్పుడు మనం తడబడేది అక్కడే. మన చెవి 'ఇంచు' కోసం వెతుకుతుంది, ఇంగ్లీషులో అది దొరకదు.

రాత్రిషిఫ్టు

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక మాట. మేం రోజుకు వందసార్లు ఈ మాట వాడతాం. 'కోడ్ రన్ చేశాను', 'కోడ్ రన్ అవుతోంది'. పదాలవేట గారి పోస్టు చదివాక తట్టింది. ఇంగ్లీషు పోగొట్టుకున్న ఆ జంటను మనం తిరిగి కట్టుకున్నాం! 'చేయు' తగిలిస్తే మనం చేసేది, 'అవు' తగిలిస్తే దానంతట అది జరిగేది. ఇంగ్లీషు ముక్కను తెచ్చుకుని కూడా తెలుగు తన వ్యాకరణాన్ని వదల్లేదు. పదేళ్లుగా మాట్లాడుతున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

అలాగే 'రన్‌టైమ్'. మా ఆఫీసులో అది ప్రోగ్రామ్ పని చేస్తున్న సమయం. ఇంటికొచ్చాక సినిమా రన్‌టైమ్ అంటే నిడివి.

స్వాతిచినుకు

నేను నర్సుని. ఇది సరదా చర్చగా మొదలైనా నాకు మాత్రం చాలా దగ్గరి విషయం, అందుకే రాస్తున్నాను.

ఇంగ్లీషు మాట్లాడే దేశంలో ఉద్యోగంలో చేరిన మొదటి నెల. రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. పొద్దుటి నుంచి తనకు 'ద రన్స్' అన్నారు. నా ఇంగ్లీషు మంచిదే, పరీక్షలన్నీ పాసై వెళ్లినదాన్నే. అయినా ఆ మాట వినగానే ఆవిడ పొద్దుటి నుంచి పనుల మీద తిరిగి అలసిపోయారని అర్థం చేసుకున్నాను. కాగితం మీద 'అలసట' అని రాశాను. ఎన్ని గంటలు నిద్రపోయారు అని అడిగాను. ఆవిడ కాసేపు ఆగి, నోరు ఎండిపోతోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి అన్నారు. అప్పుడు అనుమానం వచ్చి, అమ్మా, మీరు చెప్పింది నాకు సరిగా అర్థం కాలేదు, ఇంకోలా చెప్పండి అన్నాను. విరేచనాలు. పొద్దుటి నుంచి ఎనిమిది సార్లు. ఒంట్లో నీరు పోయింది.

వెంటనే కాగితం మార్చి డాక్టరుకు చెప్పాం, ఆవిడ కోలుకున్నారు. కానీ ఆ 'అలసట' అన్న మాట నా చేతిరాతలో ఇంకా కళ్ల ముందు ఉంది. ఒక్క 'ద', ఒక్క 'స్' చేరితే అర్థం పూర్తిగా వేరైపోయింది. అప్పటి నుంచి పేషెంట్ చెప్పింది నా మాటల్లో తిరిగి చెప్పి, అదేనా అని అడిగాకే రాసుకుంటాను. జ్వరానికి కూడా ఇదే మాట వాడతారు, టెంపరేచర్ 'రన్' అవుతోంది అంటారు, అంటే ఒళ్లు కాలుతోందని. 'రన్ డౌన్'గా ఉంది అంటే నీరసంగా ఉందని. మూడూ ఒకే పేషెంట్ నోట ఒకే ఫోన్‌లో రావచ్చు.

పాతపలక

స్వాతిచినుకు అమ్మా, మీరు రాసింది మా పుస్తకాల్లో లేదు. ఎన్నో తరగతుల్లో ఈ మాట చెప్పాను, 'ద రన్స్' మాత్రం ఒక్కసారీ చెప్పలేదు, మర్యాదగా ఉండదని వదిలేసేవాణ్ణి. చెప్పి ఉండాల్సింది.

గీతదాటినబంతి

ఇంతమంది మాట్లాడారు, క్రికెట్ ఎవరూ ఎత్తలేదు!

క్రికెట్‌లో రన్ అంటే మొదట నిజంగా పరుగే. ఒక క్రీజు నుంచి ఎదుటి క్రీజు దాకా 58 అడుగులు, ఇద్దరు బ్యాటర్లూ అటూ ఇటూ మారితే ఒకటి. కానీ బంతి గీత దాటితే అడుగు కదపకపోయినా నాలుగు. వైడ్ వేస్తే బ్యాటర్ నిలబడి ఉన్నా ఒకటి. అంటే చేసిన పని పేరు కాస్తా లెక్కపెట్టే కొలత పేరు అయిపోయింది. బేస్‌బాల్‌లో ఇదే మాటకు నాలుగు బేసులూ చుట్టి రావాలి, 360 అడుగులు. ఒకే మాట, ఆటను బట్టి దూరం మారుతుంది.

మనం దాన్ని 'పరుగు' అని తెచ్చుకున్నాం. దాంతో మన పరుగుకూ కొత్త అర్థం వచ్చి చేరింది. 'నాలుగు పరుగులు ఇచ్చాడు' అనే వాక్యం క్రికెట్ లేకపోతే తెలుగులో పుట్టేది కాదు. పరుగు ఒకరు ఇచ్చేది, ఇంకొకరు దోచేది, మూడోవాడు ఆపేది ఎలా అవుతుంది? మాట అటు నుంచి ఇటు వస్తే వచ్చిన చోట కూడా కొంచెం మార్పు వస్తుంది.

పాస్‌బుక్

బ్యాంకుల్లో ఈ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. బ్యాంకు మీద 'రన్' అంటే డిపాజిట్ చేసినవాళ్లంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి మీద పడటం. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం బారులు తీరి నిలబడ్డారు. అక్కడ మాట పరుగు, కనిపించింది క్యూ. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి జనం ప్రయత్నించారు, ఎక్కువమంది ఫోన్ల నుంచి, కంప్యూటర్ల నుంచే. అక్కడ క్యూ కూడా లేదు. అయినా మాట మారలేదు.

దీనికి తెలుగులో ఒక్క మాట నాకు దొరకలేదు. 'ఎగబడటం' దగ్గరగా ఉంటుంది. ఇంకా మంచిది ఎవరికైనా తడితే చెప్పండి.

నీలిసిరా

'ఎగబడటం' బాగుంది. నేనైతే 'డబ్బు కోసం బ్యాంకు మీద పడ్డారు' అని విడమరిచి రాస్తాను. ఒక్క మాటకు ఒక్క మాటే పెట్టాలని లేదు కదా.

మాటకుమాట

ఇంతసేపూ చదివాను, ఒక చోట నేను ఒప్పుకోను. పంతులుగారు, నీలిసిరా గారు అన్ని అర్థాల వెనకా ఒకటే బొమ్మ ఉంటుంది, అది పట్టుకుంటే చాలు అంటున్నారు. కొన్నిటికి ఉంటుంది. కొన్నిటికి ఆ బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. 'రన్ ఆఫ్ ద మిల్' అంటే మామూలు రకం అని అర్థం. మిల్లులోంచి వచ్చిన సరుకును ఏరకుండా, వేరు చెయ్యకుండా ఉన్నదున్నట్టు అమ్మడం నుంచి వచ్చింది. ఈ సంగతి తెలియకుండా పరుగు బొమ్మ ఎంత గీసినా 'మామూలు' అన్న అర్థం రాదు. 'ఆల్సో-ర్యాన్' కూడా అంతే. గుర్రప్పందేల్లో స్థానం దక్కని గుర్రాల పేర్లు 'ఇవి కూడా పరుగెత్తాయి' అని చివర వేసేవారు, ఆ తర్వాత అది ఓడిపోయిన మనుషులకు పేరైంది. ఇలాంటివి ముక్కగా నేర్చుకోవాల్సిందే. ఇంటర్‌బెంచీకి బట్టీ వద్దని చెప్పడం సగమే నిజం.

నీలిసిరా

అది ఒప్పుకుంటాను. బొమ్మ దొరికినచోట బొమ్మ, దొరకనిచోట కథ. 'ఆల్సో-ర్యాన్' కథ ఒకసారి విన్నాక ఎవరూ మర్చిపోరు.

మాటకుమాట

కథ కూడా దొరకనిచోట?

నీలిసిరా

అక్కడ వాక్యం. ఒంటరి మాటగా వద్దు, అది వచ్చిన మొత్తం వాక్యం రాసుకోవాలి. ఇంటర్‌బెంచీ, నీ నోట్‌బుక్‌లో 'రన్ డౌన్ = ' అని రాసి ఎదురుగా అర్థం పెట్టకు. బ్యాటరీ గురించి ఒక వాక్యం, పాడుబడిన ఇంటి గురించి ఒకటి, నీరసంగా ఉన్న మనిషి గురించి ఒకటి రాసుకో.

ఇంటర్‌బెంచీ

అలాగే అక్కా. ఇవాళ్టి నుంచి అలా రాస్తాను.

పడమటిగాలి

నేను తెలుగు నేర్పుతుంటాను, తెలుగు రానివాళ్లకు. ఇక్కడ అందరూ రన్‌ని చూసి ఆశ్చర్యపోతుంటే నాకు మా విద్యార్థుల ముఖాలు గుర్తొస్తున్నాయి. వాళ్లు మన 'పట్టు' దగ్గర ఇలాగే ఆగిపోతారు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, వాన పట్టింది, పిచ్చి పట్టింది, అక్కడికి వెళ్లడానికి గంట పట్టింది. ఒక విద్యార్థి అడిగాడు, 'నిద్ర నన్ను పట్టుకుంటుందా, నేను నిద్రను పట్టుకుంటానా?' నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 'నాకు నిద్ర పట్టింది' అంటాం, పట్టేది నిద్రే, నేను ఊరికే ఉన్నాను. చెమటా అంతే, తుప్పూ అంతే. మనం పిలవకుండా వచ్చి అంటుకునేవన్నీ పడతాయి. గంట ఎందుకు పడుతుందో మాత్రం ఇప్పటికీ సరిగా చెప్పలేను.

'ఆడు' ఇంకోటి. సినిమా ఆడుతుంది సరే. గాలి ఆడటం లేదు, ఊపిరి ఆడటం లేదు, కంగారులో చేతులు ఆడటం లేదు. ఇంగ్లీషువాడికి ఇందులో ఆట ఎక్కడుందో కనిపించదు. అలవాటైన మాటలో ఎన్ని అర్థాలున్నాయో దాన్ని పుట్టుకతో మాట్లాడేవాళ్లకే ఆఖరున తెలుస్తుంది.

రాత్రిషిఫ్టు

గంట పట్టడం అంటే, ఒక పని కొంత కాలాన్ని తనలో ఇముడ్చుకుంటుంది అనుకోవచ్చా? సీసాలో లీటరు నీళ్లు పడతాయి అన్నట్టు.

పడమటిగాలి

అన్నా, ఇది రేపటి క్లాసులో చెబుతాను.

చిగురుటాకు

నాలుగో పేజీ మొత్తం తిరగరాశాను. అందరూ ఒకసారి చూస్తారా?

పంపు బిగించే ముందు కుళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్లు వదలండి. పైపును గోడ వెంబడి వేయండి. కరెంటు వైరును తడి తగిలే చోటు మీదుగా తీసుకెళ్లకండి. బిగించాక పంపు వేసి ముప్పై సెకన్లు తిరగనివ్వండి. అది చప్పుడు లేకుండా తిరగాలి. ట్యాంకు ఎండిపోతే పంపు ఎండిపోతుంది, జాగ్రత్త. ఏదైనా ఇబ్బంది వస్తే మాకు తెలియజేయండి.

ఎనిమిది రన్‌లు ఉన్న చోట ఒక్క పరుగు కూడా రాలేదు, ఒక్క నడక కూడా రాలేదు. ట్యాంకు వాక్యం మీదే అనుమానంగా ఉంది.

పాతపలక

చాలా బాగా వచ్చింది. మీ అనుమానం సరైనదే. ఆ వాక్యంలో 'రన్ డ్రై' రెండుసార్లు ఉంది, రెండుసార్లూ అర్థం ఒకటి కాదు. ట్యాంకు విషయంలో అది నీళ్లు అయిపోవడం. పంపు విషయంలో అది తిరగడం, నీళ్లు లేకుండా తిరగడం. రెండోది 'ఎండిపోతుంది' అంటే చదివినవాళ్లు పంపు ఆరిపోతే ఏమైంది, మంచిదే కదా అనుకుంటారు.

స్పానరుచేతి

మోటార్లు బాగుచేసే పని నాది. చదువుతూ ఊరుకున్నాను కానీ ఇక్కడ చెప్పాలి. ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. లోపల తిరిగే ఇరుసు దగ్గర నీళ్లు బయటికి కారకుండా ఆపే ఒక సీలు ఉంటుంది, దాన్ని చల్లబరిచేది, తడిగా ఉంచేది నీళ్లే. నీళ్లు లేకుండా తిరిగితే అది వేడెక్కి దెబ్బతింటుంది, ఆ తర్వాత పంపు కారడం మొదలుపెడుతుంది. నా దగ్గరికి ఇలా పాడైన పంపులు వస్తూనే ఉంటాయి. జనానికి అర్థమయ్యేలా రాయండి. మా దగ్గర దీన్ని 'ఖాళీగా తిరగడం' అంటాం.

చిగురుటాకు

అన్నా, ధన్యవాదాలు. మీ మాటే పెట్టేశాను. ఇప్పుడు ఆ వాక్యం ఇది: 'ట్యాంకులో నీళ్లు అయిపోతే పంపు ఖాళీగా తిరుగుతుంది, లోపలి సీలు పాడవుతుంది. వెంటనే స్విచ్ ఆపండి.'

స్పానరుచేతి

ఇది అందరికీ అర్థమవుతుంది. 'వెంటనే' అన్న మాట లావు అక్షరాల్లో వేయమని చెప్పండి.